ఇనుమూ గంతలూ లేకుండా గుర్రబ్బండి

చెయ్యి దాటిపోతున్న పిల్లవాడి గురించి "వాడికి కాస్త కళ్లెం వెయ్యాలి" అంటాం. కొత్త ప్రభుత్వం వస్తే "పాలనా పగ్గాలు చేపట్టింది" అని పత్రికలు రాస్తాయి. కళ్లెదుట ఉన్నదాన్ని చూడనివాణ్ణి "కళ్లకు గంతలు కట్టుకున్నాడు" అని తిడతాం. రైల్వేస్టేషన్ల ముందు నుంచి జట్కాలు మాయమై చాలా కాలమైంది. ఆ గుర్రాల సామాను మాత్రం మన మాటల్లో ఇంకా చెక్కుచెదరలేదు.

అదుపు అనగానే కళ్లెం గుర్తొచ్చే మనకి, నోట్లో కళ్లెం లేని గుర్రాన్ని, గంతలు కూడా కట్టకుండా బండికి పూన్చి రోడ్డెక్కేవాళ్లు ఉన్నారంటే ముందు నవ్వొస్తుంది, వెంటనే భయమేస్తుంది. యూరప్‌లోనూ అమెరికాలోనూ అలాంటివాళ్లు కొందరున్నారు. వాళ్లు పిచ్చివాళ్లు కారు. అలాగని వాళ్లు చెప్పేదంతా వేదమూ కాదు. గుర్రం నోట్లో ఇనుము ఏం చేస్తుంది, కళ్ల పక్కన తోలుముక్క ఏం చేస్తుంది, అవి తీసేస్తే వాటి పని ఎవరు చెయ్యాలి అన్నది కాస్త నిదానంగా చూస్తే ఈ గొడవ అర్థమవుతుంది.

ముందు పేర్లు తేల్చుకుందాం. కళ్లెం అన్న ఒక్క మాటలో మనం రెండు మూడు వస్తువులు కలిపేస్తాం. గుర్రం తలకు తొడిగే తోలుపట్టీల అల్లిక ఒకటి. దాన్ని ఇక్కడ తలకట్టు అందాం. ఆ తలకట్టుకు వేలాడుతూ నోట్లోకి అడ్డంగా పోయే ఇనుప ముక్క ఇంకొకటి, అది నోటికడ్డీ. కడ్డీ రెండు చివర్లకు తగిలించి తోలేవాడి చేతికి వచ్చే పొడవాటి వార్లు పగ్గాలు. గంతలు తలకట్టుకే రెండు పక్కలా కుట్టి ఉంటాయి. గానుగెద్దుకు కట్టినట్టు కళ్లు పూర్తిగా మూసేవి కావివి. పక్కకీ వెనక్కీ చూపు పోకుండా ఆపి, ముందుకు మాత్రం వదిలేవి. గొడవంతా ఆ కడ్డీ గురించీ ఈ గంతల గురించీనే. తలకట్టు వద్దనేవాళ్లు, పగ్గాలు వద్దనేవాళ్లు ఇందులో లేరు.

గుర్రం నోట్లో ముందు పళ్లకూ వెనకనున్న దవడ పళ్లకూ మధ్య దాదాపు బెత్తెడు ఖాళీ ఉంటుంది. అక్కడ పళ్లుండవు, చిగురే. (మగ గుర్రాలకు అందులో ఒక కోరపన్ను మొలవడం మామూలే.) కడ్డీ పెట్టుకోమని దేవుడే ఇచ్చిన చోటు అని పాతకాలపు గుర్రాలవాళ్లు అనుకునేవారు. వేలితో తడిమి చూస్తే సంగతి వేరేగా ఉంటుంది. పల్చటి చిగురు, దాని కిందే సన్నటి అంచు ఉన్న ఎముక. మన మోకాలి కింద ముందువైపు ఎముకకు మంచం కోడు తగిలితే ఎలా ఉంటుందో తెలుసుగా, అలాంటి చోటు. దానికి తోడు నాలుక. కడ్డీ బరువులో చాలా భాగం నాలుక మీద పడుతుంది. పగ్గం బిగిసినప్పుడు ఆ ఒత్తిడి నాలుక మీదా, చిగురు మీదా, పెదాల మూలల మీదా పంచుకుని పడుతుంది.

కడ్డీల్లో రకాలున్నాయి. మధ్యలో కీలు ఉన్న మామూలు కడ్డీకి పగ్గం లాగినంతే బలం. బండి గుర్రాలకు విరివిగా వాడే లివర్‌పూల్ కడ్డీకి రెండు పక్కలా కిందికి దిగే కాడలుంటాయి, ఆ కాడలకు పైనుంచి కిందికి బెజ్జాలుంటాయి, గడ్డం కింద ఒక గొలుసు ఉంటుంది. పగ్గాన్ని కింది బెజ్జానికి తగిలించేకొద్దీ చేతిలో చిన్న లాగుడు నోట్లో పెద్ద నొక్కుడవుతుంది. చేతిపంపు పిడి పొడుగైతే నీళ్లు తేలిగ్గా వస్తాయే, అదే సూత్రం. కాకపోతే ఇక్కడ రెండో కొసన ఉన్నది దవడ ఎముక.

ఇది నిజంగా గాయం చేస్తుందా, లేక జంతుప్రేమికుల అతిశయోక్తా? ఫిన్లండ్‌లో పశువైద్యులు చేసిన ఒక పరిశీలన 2019లో అచ్చయింది. తేలికపాటి రెండు చక్రాల బండి కట్టి పరిగెత్తించే పందేల గుర్రాలు 261. పందెం అయిపోగానే వాటి నోళ్లు తెరిచి చూశారు. నూటికి 84 గుర్రాలకు కడ్డీ ఆనే చోట అప్పటికప్పుడు అయిన గాయాలున్నాయి. కొన్ని చిన్న కమిలిన మచ్చలు, కొన్ని లోతైన పుళ్లు. నన్ను ఆపిన సంగతి ఇంకోటి. బయటికి రక్తం కనిపించిన గుర్రాలు అతి కొద్ది. నోరు తెరిచి దీపం వేసి చూస్తే తప్ప, ఆ గుర్రాన్ని రోజూ తోమి మేత వేసేవాడికి కూడా తెలియదన్నమాట.

పందెం వేరు, వీధిలో నింపాదిగా సాగే బండి వేరు అని ఎవరైనా అంటే ఒప్పుకోవాల్సిందే. పందెంలో పగ్గాల మీద పడే బరువు రోజువారీ బండిలో పడదు. మెత్తటి చేతిలో ఉన్న నున్నటి కడ్డీ గుర్రానికి ఏ పుండూ చేయకపోవచ్చు. అయితే మెత్తటి చెయ్యి సంతలో దొరికే వస్తువు కాదు, అదీ ఇబ్బంది.

"కడ్డీ లేకపోతే మరి ఆపేదెలా?" అన్నది అందరూ అడిగే ప్రశ్న. ఆ ప్రశ్నలోనే ఒక పొరపాటు దాక్కుని ఉంది. కడ్డీ అంటే బ్రేకు అనుకుంటున్నాం. నాలుగైదు వందల కిలోల జంతువు నిజంగా బెదిరి పరుగందుకుంటే దాన్ని మనిషి రెక్కల బలంతో ఆపలేడు. గుర్రపు ప్రమాదాల చరిత్రలో పారిపోయిన గుర్రాల్లో ఎక్కువ భాగం నోట్లో కడ్డీతోనే పారిపోయాయి. నొప్పి పెరిగితే ఆగుతుందనుకోవడం మన లెక్క. పరిగెత్తి ప్రాణం కాపాడుకునే జాతికి నొప్పి కూడా పారిపోవడానికి ఇంకో కారణమే.

పగ్గం బిగిస్తే ఆగాలని ఏ గుర్రమూ పుట్టుకతో తెలుసుకుని రాదు. ఒత్తిడి తగిలితే ఎదురు నెట్టడమే దాని సహజ గుణం. మెల్లగా పగ్గం పట్టి, అది ఒక్క అడుగు తగ్గగానే వదిలేస్తే, వదిలేయడమే దానికి బహుమతి అవుతుంది. వందసార్లు అలా చేశాక బిగింపు ఒక సైగగా మారుతుంది. అంటే కడ్డీ పని చేసేది ఒక అక్షరంలాగా. అక్షరం నోట్లోనే రాయాలని నియమం లేదు. ముక్కు మీద రాయొచ్చు, చెంప మీద రాయొచ్చు, గొంతుతో గాలిలోనూ రాయొచ్చు. కడ్డీ వద్దనేవాళ్ల వాదానికి అసలు బలం ఇక్కడ ఉంది. నొప్పి గురించిన మాటకంటే ఇదే నాకు గట్టిగా కనిపిస్తుంది.

పైగా ఇది కొత్త ఆలోచన కాదు. ఇప్పటి ఇరాక్‌లో ఉర్ అనే ప్రాచీన నగరపు సమాధుల్ని లియొనార్డ్ వూలీ 1920లలో తవ్వించినప్పుడు, చిప్పలూ నీలిరాళ్లూ పొదిగిన ఒక పెట్టె బయటపడింది. నాలుగున్నర వేల ఏళ్లనాటిది. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. దాని మీద యుద్ధపు బండ్లు లాగుతున్న జంతువులు గాడిదకూ అడవి గాడిదకూ పుట్టిన సంకరజాతివి కావచ్చని పండితుల అభిప్రాయం. వాటి నోళ్లలో కడ్డీల్లేవు. పగ్గాలు ముక్కుకు వేసిన రింగులకు పోతాయి. మన ఎద్దుకు ముకుతాడు వేసినట్టే! బండి కట్టడం ఎద్దుతో మొదలైంది కాబట్టి, ఎద్దు పద్ధతినే గాడిద జాతికీ మోపారు. తర్వాత నోట్లో పెట్టే ఎముక ముక్కలూ తాళ్లూ, ఆపైన కంచు, ఇనుము వచ్చాయి. కడ్డీ వాడిన గుర్రాల దవడ పళ్లలో మొదటిదాని అంచు అరిగిపోతుంది. మనిషి గుర్రాన్ని ఎప్పుడు లొంగదీశాడో తేల్చడానికి పురావస్తు శాస్త్రజ్ఞులు ఆ అరుగుదలనే కొలుస్తుంటారు.

క్రీస్తుకు పూర్వం నాలుగో శతాబ్దంలో గ్రీకు సేనాని జెనోఫన్ గుర్రాల మీద ఒక పుస్తకం రాశాడు. రెండు కడ్డీలు ఉంచుకోమన్నాడు, ఒకటి నున్నటిది, ఒకటి గరుకుది. గరుకుదాని రుచి చూసిన గుర్రం నున్నదాన్ని ఇష్టపడుతుందని ఆయన లెక్క. తెలివైన మాటే కానీ గుర్రాన్ని అడిగి రాసింది కాదు. ఇంకో వందన్నరేళ్ల తర్వాత హన్నిబాల్ సైన్యంలో ఉత్తర ఆఫ్రికా నుమిడియా రౌతులు అసలు కళ్లెమే లేకుండా స్వారీ చేస్తూ రోమన్లను ముప్పుతిప్పలు పెట్టారని రోమన్ రచయితలే రాసుకున్నారు.

రౌతు సంగతి వేరు, బండివాడి సంగతి వేరు. రౌతుకు తొడలున్నాయి, మడమలున్నాయి, నడుమును ఇటు అటు వంచితే గుర్రానికి తెలుస్తుంది. బండివాడు గుర్రానికి ఆరేడు అడుగుల వెనక కూర్చుంటాడు. చేతిలో పగ్గాలు, కొరడా, నోట్లో మాట, అంతే. రౌతు పడిపోతే గుర్రం తేలికై కాసేపటికి నిలబడుతుంది. బండి అలా పడిపోదు, వెంటే వస్తుంది. తోకకు రేకు డబ్బా కట్టిన కుక్కను చిన్నప్పుడు మీరు చూసే ఉంటారు. అది పరిగెత్తేకొద్దీ డబ్బా మోగుతుంది, మోగేకొద్దీ అది పరిగెత్తుతుంది. బెదిరిన బండి గుర్రం గతి అదే. అందుకే స్వారీలో కడ్డీ తీసేసినంత తేలిగ్గా బండి దగ్గర తీసేయకూడదని అనుభవజ్ఞులు అంటారు. ఆ జాగ్రత్తను పిరికితనం అనకూడదు.

కడ్డీ లేని తలకట్టుల్లో ముఖ్యంగా మూడు రకాలు. మొదటిది ముక్కుపట్టీకి రెండు పక్కలా రింగులు వేసి పగ్గాలు తగిలించేది. ఎడమ పగ్గం లాగితే ముక్కు ఎడమకు తిరుగుతుంది. పలుపుతాడుతో పశువును పిల్చుకుపోయినంత సరళం. రెండో దాంట్లో వార్లు గడ్డం కింద ఒకదాన్నొకటి దాటి అవతలి చెంప మీదుగా నడినెత్తికి పోతాయి. ఎడమ పగ్గం లాగితే కుడి చెంప మెల్లగా నెట్టినట్టుంటుంది. అమెరికాలో టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో పశువైద్యం బోధించిన రాబర్ట్ కుక్ దీన్ని 1990ల చివర నుంచి గట్టిగా ప్రచారంలోకి తెచ్చాడు. కడ్డీ గుర్రానికి ఊపిరి ఆడటానికి కూడా అడ్డమని ఆయన వాదం. గుర్రం నోటితో ఊపిరి పీల్చలేదు, ముక్కే దిక్కు. ఆయనా ఇంకొకరూ కలిసి 2009లో ఒక పోలిక అచ్చువేశారు. కడ్డీతో ఒకసారి, కడ్డీ లేకుండా ఒకసారి స్వారీ చేయిస్తే కడ్డీ లేనప్పుడు గుర్రాలు బాగా చేశాయని తేలింది. బాగుంది. అయితే గుర్రాలు నాలుగే, అవి స్వారీ గుర్రాలు, పోల్చినవాళ్లలో ఒకరు ఆ తలకట్టును ప్రచారం చేసిన మనిషి. దారి చూపించే దీపంగా దాన్ని తీసుకోవచ్చు, తీర్పుగా తీసుకోకూడదు.

మూడో రకంతో జాగ్రత్త. ముక్కుపట్టీకి పొడుగాటి ఇనుప కాడలు, గడ్డం కింద గొలుసు ఉంటాయి. కడ్డీ లేదు కాబట్టి ఇది దయగలదని కొంటారు. ఇందాకటి చేతిపంపు సూత్రమే ఇక్కడా, ఈసారి ముక్కు ఎముక మీద. గుర్రం ముక్కు ఎముక కిందికి వచ్చేకొద్దీ సన్నబడి, చివర మృదులాస్థి మాత్రమే మిగులుతుంది. పట్టీ రెండు వేళ్లు కిందికి జారితే ఊపిరికే అడ్డం పడుతుంది. మొరటు చేతిలో ఈ పరికరం కంటే మెత్తటి చేతిలో కడ్డీయే గుర్రానికి సుఖం. 'కడ్డీ లేనిది' అన్న చీటీ చూసి ఎవరూ మోసపోకూడదు. మన ముకుతాడూ కడ్డీ లేనిదే, అయినా కొత్తగా ముక్కు కుట్టిన కోడెను అడిగితే దాని సంగతి చెబుతుంది.

ఇక గంతలు. నా దృష్టిలో అసలు ఆసక్తి ఇక్కడే.

గుర్రం కళ్లు మనలా ముందుకు ఉండవు, తలకు రెండు పక్కలా ఉంటాయి. తల కదపకుండానే అది దాదాపు 350 డిగ్రీల మేర చూడగలదు. కనిపించనివి రెండే చోట్లు: తోక వెనక సూటిగా ఒక ముక్క, నుదుటికి మరీ దగ్గరగా ముక్కు కింద ఇంకో ముక్క. నేలమీది జంతువుల్లో ఇంత పెద్ద కన్ను ఉన్నవి చాలా తక్కువ. మసక చీకట్లో మనకంటే బాగా చూస్తుంది. పులి ఏ పక్క నుంచి వస్తుందో అని లక్షల ఏళ్లు చూసిన కన్ను అది. దానికి గంత కడితే ముందున్న కొద్దిపాటి తెరుపు తప్ప మిగతాదంతా పోతుంది. చెవులు మాత్రం అన్ని దిక్కులకూ తిరుగుతూనే ఉంటాయి. వినిపిస్తుంది, కనిపించదు.

గంతలు కట్టేవాళ్లవి కారణాలు లేని మాటలు కావు. వెనక తిరిగే చక్రం చూసి బెదరకుండా అంటారు. జోడు గుర్రాల్లో మందకొడిదానికి కొరడా చూపిస్తే చురుకైనది ముందే ఉలిక్కిపడకుండా అంటారు. బజారులో పక్కనుంచి వచ్చే ప్రతిదానికీ తల తిప్పకుండా అంటారు. ఈ అలవాటుకూ వయసుంది. అస్సిరియా రాజధాని నిమ్రూద్‌లో దొరికిన దంతపు గంతలు, సైప్రస్ ద్వీపపు సలామిస్ రాజసమాధుల్లో దొరికిన కంచు గంతలు క్రీస్తుకు ఏడెనిమిది వందల ఏళ్ల ముందువి. చెక్కడపు పని చూస్తే అవి గుర్రం చూపు కోసమో, గుర్రాన్ని చూసేవాళ్ల చూపు కోసమో చెప్పడం కష్టం.

గుర్రబ్బండి నేర్చుకునే ప్రతివాడికీ మొదటి రోజే చెప్పే నియమం ఒకటుంది: గుర్రం బండికి పూన్చి ఉండగా తలకట్టు ఎట్టి పరిస్థితిలోనూ తీయకూడదు. పగ్గాలు పోతాయి కాబట్టి అని మొదట అనిపిస్తుంది. కారణం అంతకంటే లోతుగా ఉంది. తలకట్టుతో గంతలూ పోతాయి. పదేళ్లుగా బండి లాగుతున్న గుర్రం ఆ క్షణంలో మొట్టమొదటిసారి వెనక్కి చూస్తుంది. తన వెనకే, తనకు తాకుతూ, చక్రాలున్న ఒక పెద్ద వస్తువు! అడుగు వేస్తే అదీ అడుగు వేస్తుంది. ఇక ఆ గుర్రాన్ని పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. ఇలా పోయిన గుర్రాలూ మనుషులూ ఉన్నారు, ఆ నియమం పుట్టింది అందుకే.

ఒకసారి ఆలోచించండి. పదేళ్లు లాగిన బండి ఏమిటో ఆ గుర్రానికి తెలియదు. గంతలు భయాన్ని పోగొట్టలేదు, పదేళ్లు దాచిపెట్టాయి. ఒక తోలు పట్టీ తెగినా, ఒక కొమ్మకు తలకట్టు తగులుకుని జారినా ఆ దాచిందంతా ఒక్కసారి బయటపడుతుంది.

గంతల మీద ఈ మాటను 1877లోనే ఒక నవల చెప్పింది, అదీ గుర్రం నోటితో. ఆన్నా సువెల్ రాసిన 'బ్లాక్ బ్యూటీ'లో గుర్రాలన్నీ తోటలో చేరి మాట్లాడుకుంటాయి. చీకట్లో మనుషులకంటే తమకే బాగా కనిపిస్తుందనీ, గంతలు లేకపోతే ఫలానా బండి గోతిలో పడేది కాదనీ అవి చెప్పుకుంటాయి. సువెల్‌కు ఈ సంగతులు ఇంట్లో కూర్చుని తెలియలేదు. పద్నాలుగో ఏట వానలో జారిపడి కాళ్లు దెబ్బతిన్నాయి, తర్వాత ఎక్కువగా చిన్న గుర్రబ్బండి మీదే తిరిగింది. ఆమె పగ్గాలు ఊరికే చేతిలో పట్టుకుని గుర్రంతో మాట్లాడుతూ తోలేదని ఆమె బండెక్కినవాళ్లు గుర్తుచేసుకున్నారు. పుస్తకం వచ్చిన కొద్ది నెలలకే ఆమె చనిపోయింది. ఆ పుస్తకం ఎక్కువగా తిట్టింది గుర్రం తలను బలవంతంగా ఎత్తిపట్టే వారును. ఆ ఫ్యాషన్ తర్వాత పోయింది. గంతలు మాత్రం పోలేదు.

గంతలు లేకుండా బండి నడవదా అంటే, నడుస్తోంది. రష్యా త్రోయికాలో మూడు గుర్రాలు పక్కపక్కన పరిగెత్తుతాయి. నడిమిది ఒక నడకలో, అటూ ఇటూ ఉన్నవి ఇంకో దూకుడులో. వాటికి మామూలుగా గంతలుండవు. లండన్ పార్కుల్లో ప్రభుత్వ వేడుకలకు ఫిరంగులు పేల్చే కింగ్స్ ట్రూప్ అనే దళం ఉంది. మొదటి ప్రపంచయుద్ధపు ఫిరంగిని ఆరేసి గుర్రాలు లాగుతాయి, ఎడమ పక్క మూడింటి మీద సైనికులు కూర్చుంటారు. ఆ ఫిరంగి బండికి బ్రేకుల్లేవు. వెనక చక్రాల మోత, పక్కన జనం, కాసేపటికి ఫిరంగి పేలుడు. ఆ గుర్రాల నోట్లో కడ్డీ ఉంటుంది, కళ్లకు గంతలుండవు. వెనక ఏముందో వాటికి తెలుసు కాబట్టి నడుస్తాయి.

తెలియజెప్పడం ఎలా? ఇది నెలల పని. ముందు మాట నేర్పుతారు. నడువు, ఆగు, తిరుగు అన్నవాటికి తలా ఒక మాట, ఎప్పుడూ ఒకే గొంతుతో. మన ఎద్దుబండి రైతు నాలుకతో చేసే టక్ టక్ శబ్దమూ, జట్కావాడి "ఛల్ ఛల్" కూడా ఆ విద్యలోవే. 'ఆగు' అన్న మాటకు గుర్రం పగ్గం తగలకముందే ఆగేదాకా ఇంకో మెట్టు ఎక్కరు. తర్వాత బండి లేకుండా పొడుగాటి పగ్గాలు పట్టుకుని గుర్రం వెనక నడుస్తారు. వెనకనుంచి మాట రావడం, తాళ్లు డొక్కలకు రాసుకోవడం దానికి అలవాటవుతాయి.

ఆ తర్వాత చేసేది చూడ్డానికి తమాషాగా ఉంటుంది. బండిని వేరే మనిషి లాక్కుని ముందు పోతుంటే గుర్రాన్ని దాని వెనక నడిపిస్తారు. తనను తరిమే వస్తువు కాస్తా తాను తరిమే వస్తువవుతుంది. పారిపోయేదాన్ని చూసి ఏ గుర్రమూ భయపడదు, వాసన చూడ్డానికి పోతుంది. మెల్లగా బండి పక్కకు వస్తుంది, తర్వాత వెనక్కి వస్తుంది, కట్టకుండానే. ఒక పాత టైరునో దుంగనో తాడుతో ఈడ్పిస్తారు. తాడు చివర మనిషి పట్టుకుని, గుర్రం కంగారుపడితే చప్పున వదిలేస్తాడు. బండి కర్రలు రెండు పక్కలా తగలడం, ఇనుప చప్పుడు, మలుపులో కర్ర భుజానికి ఒత్తుకోవడం, ఒక్కొక్కటి వేరువేరు రోజుల్లో. బండి కట్టేరోజు గుర్రానికి కొత్త ఏమీ ఉండకూడదు. అప్పటికీ కంచె ఉన్న ఆవరణలోనే, తల దగ్గర ఇంకో మనిషితో.

గంతలు లేని గుర్రం తోలేవాణ్ణి కూడా చూస్తుంది, ఇదొక లాభం. బెర్లిన్‌లో లెక్కలు చేసే గుర్రంగా పేరుపడ్డ హాన్స్ కథ మీరు వినే ఉంటారు. కూడికకు జవాబుగా కాలితో నేల తట్టేది. 1907లో ఫుంగ్‌స్ట్ అనే మనస్తత్వవేత్త తేల్చిందేమంటే, దానికి లెక్కలు రావు. సరైన అంకె రాగానే ఎదుటి మనిషి తల వెంట్రుకవాసి కదిలేది, దాన్ని పట్టేసి ఆగేది. ఆ మనిషికే తెలియని కదలిక అది. జంతువుకు లెక్కలు రావని అప్పట్లో అందరూ నిరాశపడ్డారట గానీ, నాకు అదే పెద్ద అద్భుతం. అంత చూడగలిగిన కంటిని మూసి, చెప్పేదంతా దవడ ఎముక మీద చెప్పాలనుకుంటున్నాం. బాహుకుడి వేషంలో ఋతుపర్ణుడి రథం తోలిన నలుడికి అశ్వహృదయం తెలుసునంటుంది భారతం. గుర్రం మనసు అన్నారు పెద్దలు, గుర్రం నోరు అనలేదు.

అలాగని రేపే తలకట్టు విప్పేయమని ఎవరికీ చెప్పను. గంతలతో ఏళ్లు పనిచేసిన గుర్రానికి అవి తీయడమంటే మొదటి పాఠం నుంచి మళ్లీ మొదలుపెట్టడమే. కొన్ని గుర్రాలు ఎప్పటికీ కుదుటపడవు, వాటికి గంతలే క్షేమం. కడ్డీ మానుకునేవాళ్లలో తెలివైనవాళ్లు కొంతకాలం రెండూ పెడతారు: ముక్కుపట్టీకి ఒక జత పగ్గాలు, కడ్డీకి ఇంకో జత. మొదటి జతతో తోలుతూ రెండోదాన్ని వదులుగా ఉంచుతారు. లారీలూ హారన్లూ ఉన్న రోడ్డు మీద ప్రయోగాలు చేసే హక్కు ఎవరికీ లేదు. ఆ రోడ్డు మీద ఇతరుల పిల్లలు కూడా ఉంటారు. కొత్తగా నేర్పే గుర్రానికి మాత్రం మొదటి నుంచీ కళ్లు తెరిచి నేర్పడంలో నష్టమేమీ నాకు కనిపించదు. కాలం ఎక్కువ పడుతుంది. ఇనుమూ గంతలూ మనకు మిగిల్చిపెట్టింది ఆ కాలాన్నే.

జట్కాలో ఎక్కినవాళ్లకు ఒక సంగతి గుర్తుండాలి. ఎండుగడ్డి పరిచి పైన గుడ్డ కప్పిన ఆ బల్ల మీద కూర్చోగానే బండివాడు వెనక్కి తిరిగి "కాస్త ముందుకు జరగండి", "మీరు వెనక్కి" అని బరువు సర్దేవాడు. రెండు చక్రాల బండి కదా, వెనక బరువెక్కితే కర్రలు పైకి లేచి పొట్ట కింది వారు గుర్రాన్ని ఎత్తేస్తుంది, ముందు బరువెక్కితే వీపు మీద పడుతుంది. గుర్రానికి ఏది ఎక్కడ ఒరుసుకుంటుందో అతనికి తెలిసేది. నోట్లో ఏముందో మనం అడగలేదు, అతను చెప్పలేదు.

ఇప్పుడు మన ఊళ్లలో గుర్రం కనిపించేది ఎక్కువగా పెళ్లి ఊరేగింపులో. అలంకరించిన బగ్గీ, వెనక డీజే, చుట్టూ టపాసులు, గుర్రం కళ్లకు జరీ అంచు గంతలు. కొన్నిచోట్ల నోట్లో ముళ్లు తేలిన కడ్డీ కూడా ఉంటుంది, కొద్దిగా లాగితే చాలు తల ఎత్తి నిలబడుతుందని. ఇది దయాదాక్షిణ్యాల సంగతి కాదు, నేరం. బండి లాగే, బరువు మోసే జంతువుల కోసం కేంద్రం 1965లో చేసిన నిబంధనల్లో ఎనిమిదోది ముళ్లున్న కడ్డీనీ, ముళ్ల కర్రనూ, గాయం చేసే ఏ సామానునూ వాడకూడదని తేటగా చెబుతుంది. అవే నిబంధనల ప్రకారం రోజుకు తొమ్మిది గంటలకు మించి, మధ్యలో విశ్రాంతి లేకుండా ఐదు గంటలకు మించి పని చేయించకూడదు. 37 డిగ్రీలు దాటిన చోట మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా బండి కట్టకూడదు.

మీ ఇంట్లో పెళ్లికి బగ్గీ మాట్లాడుకుంటే, బయానా ఇచ్చే ముందు గుర్రం దగ్గరికి వెళ్లి, దాని మనిషినే కడ్డీ బయటికి తీసి చూపించమనండి. వేలితో తడిమి చూడండి. పెదాల మూలల్లో పుండు ఉందేమో చూడండి. ముళ్లు తగిలినా, పుండు కనిపించినా ఆ బండి వద్దనండి. ఒక్క మాట మరిచిపోవద్దు: కడ్డీ చూడటం బండి కట్టకముందే జరగాలి. కట్టాక మాత్రం తలకట్టు తీయనివ్వకండి.